అసీల్ కోడిని పెంచేవారు ముందుగా దాని చూపును తెలుసుకోవాలి

అసీల్ కోళ్లను కొత్తగా తెచ్చుకునేవారు సాధారణంగా రెండు పుంజులను, మూడు నాలుగు పెట్టలను కలిపి ఒకే గూట్లో వేస్తారు, ఎందుకంటే మన ఊళ్లలో నాటుకోళ్లను తరతరాలుగా అట్లాగే పెంచుతున్నారు. నాటుకోళ్లయితే ఒకటి రెండు రోజులు కొట్టుకుంటాయి, వాటిలో ఒకటి వెనక్కి తగ్గుతుంది, ఆ తరువాత రెండూ ఒకే పెంటకుప్ప మీద గీరుకుంటూ మేస్తాయి. అసీల్ పుంజుల్లో ఆ తగ్గే గుణం లేదు. తెల్లవారేసరికి ఒకటి కన్ను పోగొట్టుకుని మూలన కూర్చుంటుంది, గెలిచిందని మనం అనుకునే రెండోది కూడా కాళ్ల మీద నిలబడలేని స్థితిలో ఉంటుంది. పరకాల సమీపంలోని మా పెరట్లో ఈ కోళ్లను పెంచుతూ నేను నేర్చుకున్నదంతా దాదాపుగా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: అసీల్ కోపం కంటిలో పుడుతుంది. ఏ కోడికి ఏది కనిపించాలో, ఏది కనిపించకూడదో చూసుకుని దొడ్డిని అమర్చుకుంటే, దీనంత సాధువైన కోడి మరొకటి ఉండదు.

అసీల్ అనేది అరబ్బీ మాట. కలగలుపు లేని అసలైన జాతి అని దాని అర్థం. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నమోదు చేసిన దేశీ కోడి జాతుల్లో ఇదీ ఒకటి. దీని స్వస్థలం ఎక్కడో దూరాన లేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్, ఒడిశాలోని కోరాపుట్, ఇటు మన ఖమ్మం వరకు వ్యాపించిన అడవి పట్టే ఈ కోడికి పుట్టిల్లు. గోదావరి దాటితే ములుగు, భూపాలపల్లి ఊళ్లు కూడా దాని పొరుగే అనుకోవాలి. పొడవాటి మెడ, నిటారుగా నిలిచే ఒళ్లు, బలమైన పొడవు కాళ్లు, శరీరానికి అతుక్కున్నట్లుండే గట్టి ఈకలు, బఠాణీ గింజలను మూడు వరుసలుగా పేర్చినట్లుండే చిన్న తురాయి, గడ్డం కింద వేలాడే తోలు లేకపోవడం ఈ జాతి గుర్తులు. పుంజు 4 నుంచి 5 కిలోలు, పెట్ట 3 నుంచి 4 కిలోలు తూగుతాయని పుస్తకాల్లో ఉంటుంది కాని, పెరట్లో తిరిగి మేసే కోడి ఆ బరువుకు చేరడం అరుదు, చేరలేదని బాధపడవలసిన పని కూడా లేదు.

కొనేటప్పుడు రంగును చూసి మోసపోకూడదు. కాకి, డేగ, నెమలి, సేతువ, పర్ల, మైల అంటూ రంగులకు మనవాళ్లు పెట్టుకున్న పేర్లు ఎంతో అందమైనవి, వినడానికి నాకూ ఇష్టమే. అయితే పందెగాళ్లు తిథివారాలతో ముడిపెట్టి చెప్పే లెక్కలకు, కోడి ఆరోగ్యానికి, దాని గుణానికి ఏ సంబంధమూ లేదు. కాళ్లు వంకర లేకుండా ఉన్నాయా, రొమ్ము ఎముక తిన్నగా ఉందా, కంటిలో నీరు కారుతున్నదా, రెట్ట గట్టిగా పడుతున్నదా అని చూడాలి. తల్లి పెట్టను కూడా చూపించమని అడగండి, ఎందుకంటే పిల్లలు ఎట్లా పెరుగుతాయో తండ్రితో పాటు తల్లిని చూస్తే కూడా తెలుస్తుంది. మొదటిసారి పెంచేవారు ఒక పుంజుతో, ఒకే గంపలో కలిసి పెరిగిన మూడు నాలుగు అక్కచెల్లెళ్ల పెట్టలతో మొదలుపెట్టడం మంచిది. రెండో పుంజు కావాలనిపిస్తే, దానికి రెండో దొడ్డి కట్టిన తరువాతే తెచ్చుకోవాలి.

స్వభావం

కోళ్ల గుంపులో ఏది ఎవరిని పొడవవచ్చు, ఏది ఎవరికి దారి ఇవ్వాలి అనే వరుస ఉంటుందని నార్వేకు చెందిన ష్యెల్డెరుప్ ఎబ్బె అనే శాస్త్రవేత్త 1920ల ఆరంభంలోనే వివరించాడు. ఆ వరుస నిలబడాలంటే ఓడినది తాను ఓడినట్లు ఒప్పుకుని తల దించి పక్కకు తప్పుకోవాలి. అసీల్‌ను శతాబ్దాలుగా పోరాటం కోసమే ఎంచి ఎంచి పెంచారు, పారిపోయినదాన్ని కూరకు పంపి, నిలబడ్డదానికే పిల్లలు తీశారు. అందుకని ఈ జాతిలో గెలవాలనే కసి మిగిలింది గాని, ఓటమి ఒప్పుకునే అలవాటు సన్నగిల్లింది. దీనిని పొగరు అనో క్రూరత్వం అనో పిలవడం నాకు సరిగా తోచదు. అది మనిషి తయారుచేసిన గుణం కాబట్టి, దాన్ని సర్దుకునే బాధ్యత కూడా మనిషిదే.

ఆ కోపం తోటి కోడి మీదే గాని మనిషి మీద కాదు. చిన్ననాటి నుండి చేత్తో గింజలు తినిపించిన అసీల్ పుంజు ఒడిలో కూర్చుని కళ్లు మూసుకుంటుంది, పసిపిల్లలు దగ్గరకు వచ్చినా కదలదు. అటువంటి పుంజు మనిషి మీదికి దూకుతున్నదంటే, ఎవరో కాలితో ఆటపట్టించి ఉంటారు, లేదా పెట్టలను పట్టుకునే హడావుడిలో దానికి మనం శత్రువులా కనిపించి ఉంటాము. అప్పుడు కాలితో తన్నకూడదు, ఎందుకంటే తన్నును అది శిక్షగా కాక సవాలుగా తీసుకుంటుంది. కదలకుండా నిలబడి, అది చల్లబడిన తరువాత రెండు చేతులతో రెక్కలు కలిపి పట్టుకుని, చంకలో పెట్టుకుని కాసేపు దొడ్డిలో తిరిగితే చాలు. పట్టుకునే తీరు కూడా ముఖ్యమే. పై నుంచి చేయి పడితే ఏ కోడికైనా గద్ద పడ్డట్టే ఉంటుంది; పక్క నుంచి వెళ్లి, రొమ్ము కింద అరచేయి పెట్టి, కాళ్లను వేళ్ల మధ్య ఇరికించి ఎత్తాలి. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయడం అంగట్లో కనిపించే చెడ్డ అలవాటు.

కోపం రావడానికి ముందు అసీల్ తన ఒంటితో చాలా చెబుతుంది. మెడ ఈకలు గొడుగులా విచ్చుకోవడం, తల నేలకు దించి ఎదుటి దానిని కన్నార్పకుండా చూడడం, మేత లేని చోట కూడా నేలను టకటక పొడవడం, ఒక రెక్క కిందికి దించి పక్కవాటుగా అడుగులు వేయడం వంటివి కనిపించిన వెంటనే మధ్యలో ఒక తడకనో గోనెసంచినో అడ్డం పెట్టాలి. రెక్క దించి పెట్ట చుట్టూ తిరగడం మాత్రం పోరు కాదు, అది వలపు. కూతల్లోనూ తేడా ఉంటుంది. ఆకాశంలో గద్ద కనిపిస్తే పుంజు సన్నగా, పొడవుగా ఒకసారి కూసి ఊరుకుంటుంది, కుక్కో ముంగిసో వస్తే కొక్కొక్కొ అని ఆగకుండా అరుస్తుంది. ఈ రెండు కూతలను గుర్తుపట్టగలిగితే, ఇంట్లో ఉన్నా పెరట్లో ఏం జరుగుతున్నదో తెలిసిపోతుంది.

ఈ కోడికి కంటిముందు ఏది కనిపించినా సరే, అది తన వంటి కోడి అనిపిస్తే చాలు, పోరుకు దిగుతుంది. తళతళలాడే స్టీలు బిందెలో తన నీడను చూసి మా పుంజు ఒకటి ముక్కు రక్తమయ్యేదాకా పొడిచింది. మోటారు సైకిల్ అద్దాన్ని కూడా వదలలేదు. అందుకని మా దొడ్డిలో నీటికి మట్టి పాత్రలే వాడుతున్నాము.

దొడ్డి, గూడు

రెండు పుంజులు ఉంటే వాటి దొడ్ల మధ్య జాలీ సరిపోదు. జాలీలోంచి కనిపిస్తే అవి రోజంతా అటూ ఇటూ తిరుగుతూ, మేత మరిచి, జాలీకే ముక్కు, కాళ్లు గీరుకుని గాయపడతాయి. కనీసం నాలుగు అడుగుల ఎత్తున కింది నుంచి చూపు దూరని తడకనో, రేకునో, ఇటుక గోడనో నిలపాలి, దాని పైన జాలీ వేసుకోవచ్చు. కూత వినిపించినా ఫరవాలేదు. వినికిడి వల్ల పోరు పుట్టదు, చూపు వల్లనే పుడుతుంది. మూడేళ్ల క్రితం ఒక వానాకాలపు రాత్రి గాలికి మా తడక ఒకటి పడిపోయింది, నేను పొద్దున్నే చూసుకుందాములే అని పడుకున్నాను. తెల్లారి వెలుగు రాగానే ఒకే తల్లి పిల్లలైన రెండు పుంజులు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. వాటిలో ఒకదానికి ఇప్పటికీ ఎడమ కన్ను లేదు. చీకట్లో కోడికి సరిగా కనిపించదు కాబట్టి ఆ రాత్రంతా ఏమీ జరగలేదు, నా బద్ధకానికి రాత్రి ఇచ్చిన గడువును నేను వాడుకోలేదు, అంతే.

పెట్టల విషయంలో దీనికి పూర్తిగా వ్యతిరేకంగా నడుచుకోవాలి. అసీల్ పెట్టలు కూడా పోట్లాడతాయి, కాని కలిసి పెరిగినవి ఒకదాని నొకటి గుర్తుపెట్టుకుని సర్దుకుంటాయి. ఒక పెట్టను పొదగేసి మూడు వారాలు, పిల్లలతో మరో రెండు నెలలు విడిగా ఉంచితే, తిరిగి వచ్చేసరికి అది మిగతావాటికి పరాయిదైపోతుంది. అందువల్ల పొదుగు పెట్టను, పిల్లల తల్లిని వేరే మూల ఉంచినా, మధ్యలో జాలీ మాత్రమే పెట్టి, మిగతా పెట్టలకు రోజూ కనిపించేటట్లు చూడాలి. కొత్త పెట్టను తెచ్చినప్పుడు కూడా ఒక వారం జాలీ అవతల ఉంచి, ఆ తరువాత ఒక రాత్రి చీకటి పడ్డాక మిగతావాటి పక్కన కర్ర మీద కూర్చోబెడితే, తెల్లవారి గొడవ చాలా తక్కువగా ఉంటుంది. మొదటి రెండు గంటలు మాత్రం దగ్గరే ఉండాలి, మేత రెండు మూడు చోట్ల చల్లాలి.

గూడు గురించి ఎక్కువ చెప్పేది లేదు. నేల పొడిగా ఉండాలి, గాలి ఆడాలి, ముంగిస, అడవిపిల్లి, పాము దూరే సందు ఉండకూడదు. అసీల్ బరువైన కోడి కాబట్టి ఎక్కి కూర్చునే కర్రను అడుగున్నర ఎత్తుకు మించి కట్టకూడదు. ఎత్తు నుంచి గట్టి నేల మీదికి రోజూ దూకితే అరికాలిలో పుండు పడి, లోపల గట్టి గడ్డలా తయారవుతుంది. కర్ర గుండ్రంగా సన్నగా కాక రెండు మూడు అంగుళాల వెడల్పుతో ఉండాలి. ఒక మూల బూడిద, ఎర్రమట్టి కలిపి గుంట నింపి పెడితే అవి పొర్లాడి పేలను వదిలించుకుంటాయి. పుంజును కాలికి తాడు కట్టి పెంచడం కొందరికి అలవాటు. తప్పనిసరి అయితే మెత్తని గుడ్డ తాడు వాడి, రోజు విడిచి రోజు కాలు మార్చాలి.

పొదగేయడం

అసీల్ పెట్ట గుడ్లలో పిసినారి. ఒక విడతకు పది పన్నెండు గుడ్లు పెట్టి, వెంటనే పొదుగుకు కూర్చుంటుంది, ఏడాదికి మూడు నాలుగు విడతలకు మించి ఆశించకూడదు. గుడ్ల కోసమే కోడి కావాలనుకునేవారు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ వంటి రకాన్ని పెంచుకోవడం మేలు. అదే సంస్థ అసీల్ నుంచే వనశ్రీ అనే రకాన్ని కూడా వృద్ధి చేసింది. అయితే తల్లితనంలో అసీల్‌కు సాటి లేదు. పొదగడం మరిచిపోయిన సంకర రకాల గుడ్లను కూడా దీని కింద పెట్టి పిల్లలు తీయవచ్చు, మా అవ్వ బాతు గుడ్లు కూడా పెట్టించేది.

పొదుగు గంపలో ముందు రెండు పిడికిళ్ల బూడిద, దాని మీద మందంగా వరిగడ్డి వేసి, మధ్యలో చేత్తో గుంట చేయాలి. పెట్ట బరువుకు గుడ్లు పగలకుండా ఉండాలంటే గడ్డి పలచగా ఉండకూడదు. పెట్ట పెద్దదైనా 12 గుడ్లకు మించి పెట్టవద్దు. వరంగల్ ఎండాకాలంలో గది లోపల కూడా వేడి 40 డిగ్రీలకు చేరుతుంది, ఆ వేడికి పొదగకుండానే గుడ్డులో పిండం సగం సగం కదిలి, తరువాత చచ్చిపోతుంది. కనుక ఏప్రిల్, మే నెలల్లో మూడు నాలుగు రోజులకు మించి గుడ్లు దాచకుండా, తడి ఇసుక మీద పెట్టిన మట్టిపాత్రలో చల్లగా ఉంచాలి. చలికాలంలో వారం రోజుల వరకు ఆగవచ్చు. నా అనుభవంలో మంచి పిల్లలు దసరా తరువాత పొదగేసిన గుడ్ల నుంచే వచ్చాయి.

ఏడో రాత్రి గుడ్డును టార్చిలైటు ముందు పెట్టి చూస్తే, బతికిన దానిలో ఎర్రని నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. ఖాళీ గుడ్లను తీసేయాలి, లేకపోతే అవి మురిగి పగిలి మిగతావాటిని కూడా పాడుచేస్తాయి. పెట్ట రోజుకు ఒకసారి దిగి, పదిహేను ఇరవై నిమిషాలు మేసి, తాగి, రెట్ట వేసి తిరిగి ఎక్కేటట్లు చూడాలి. కొన్ని పెట్టలు దిగడానికి ఇష్టపడక చిక్కిపోతాయి, వాటిని చేత్తో దించవలసి ఉంటుంది. 18వ రోజు తరువాత గుడ్లను ముట్టుకోకూడదు, 21వ రోజున పిల్లలు బయటికి వస్తాయి. వేరే పిల్లలను తల్లికి అప్పగించాలంటే రాత్రివేళ, దీపం లేకుండా, రెక్క కింద మెల్లగా పెట్టాలి. పగలు చూపిస్తే కొన్ని పెట్టలు వాటిని పొడిచి చంపుతాయి.

పిల్లలు ఉన్న అసీల్ పెట్ట ముందు పుంజు కూడా ఏ పాటిది కాదు. గద్ద దిగితే ఎగిరి తంతుంది, కుక్కను దొడ్డి దాకా తరుముతుంది. ఆ రోజుల్లో పిల్లల దగ్గరకు మీరు వెళ్లేటప్పుడు మీ గొంతు వినిపించేటట్లు మాట్లాడుతూ వెళ్లండి. పిల్లలు మూడో వారం నుంచే ఛాతీలు ఎగరేసి ఒకదాని మీదికొకటి దూకుతాయి, అది ఆటలో భాగమే. మూడో నెల నిండేసరికి మగపిల్లల్లో అది ఆట కాకుండా పోతుంది. తల మీద పొక్కులు, రక్తపు చారలు కనిపించిన రోజునే మగవాటిని ఒక్కొక్కటిగా విడదీయాలి, రేపు చూద్దామనుకోవద్దు.

మేత, ఆరోగ్యం

మేతకు మక్కలు, జొన్నలు, నూకలు, తవుడు, కొంత పల్లి చెక్క సరిపోతాయి. వానకు తడిసి బూజు పట్టిన మక్కలు చవకగా దొరికినా కొనవద్దు, ఆ బూజు విషం కోడి కాలేయాన్ని తినేస్తుంది. పిల్లలకు మాంసకృత్తులు ఎక్కువ కావాలి, అందుకు చెదపురుగులను మించినది లేదు. పాత కుండలో ఎండిన పేడ, గడ్డి, గోనె ముక్కలు కుక్కి, నీళ్లు చిలకరించి, సాయంత్రం చెదలు ఉన్న చోట బోర్లిస్తే తెల్లారేసరికి కుండ నిండా చెదలు పడతాయి. గుడ్లు పెట్టే పెట్టలకు దంచిన గుడ్డు పెంకులో, సున్నపురాయి పొడో పెట్టాలి. వేసవిలో తెల్లవారుజామున, పొద్దుగూకినాక మాత్రమే మేత వేయండి, ఎందుకంటే మేత అరుగుతున్నప్పుడు ఒంట్లో వేడి పెరుగుతుంది. పెద్ద తురాయి ఉన్న కోళ్ల మాదిరిగా దాని ద్వారా వేడిని బయటికి పంపుకునే వీలు అసీల్‌కు తక్కువ కాబట్టి చెట్టు నీడ, చల్లని నీళ్లు తప్పనిసరి.

జూన్‌లో పత్తి, మక్క విత్తనాలు పెట్టే పది రోజులు కోళ్లను చేన్లలోకి వదలకూడదు. మందు పట్టించిన గింజలను గీరి తిని చనిపోయిన కోళ్లను ప్రతి ఏటా చూస్తూనే ఉన్నాము.

రోగాల్లో అన్నిటికన్నా పెద్దది కొక్కెర తెగులు, అంటే రాణీకెట్. ఆకుపచ్చని, తెల్లని పారుడు, మెడ మెలితిరగడం, తూలిపడడం దాని గుర్తులు. వచ్చాక మందు లేదు. మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్కను కంట్లో వేయించి, 28వ రోజున మళ్లీ వేయించి, 8 వారాలు నిండాక ఆర్‌టూబీ టీకాను రెక్క కింద వేయించాలి. ఆర్‌టూబీ టీకాను చిన్న పిల్లలకు వేయకూడదు. ఆరో వారంలో మశూచి టీకా వేయించడం అసీల్‌కు మరీ అవసరం, ఎందుకంటే ఆ రోగపు క్రిమి దోమకాటు ద్వారానే కాక పొడుచుకున్న గాయాల ద్వారా కూడా లోపలికి వెళుతుంది. టీకా సీసాను ఐసు ముక్కల మధ్యనే తేవాలి, కలిపిన తరువాత రెండు గంటల్లో వాడేయాలి, సాయంత్రపు చల్లని వేళ వేయాలి. వానాకాలంలో తడి నేల మీద పెరిగే పిల్లలకు రక్తపు రెట్ట కనిపిస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి. మామునూరులో పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి కాబట్టి వరంగల్ చుట్టుపక్కల వారికి సలహాకు కొదవ లేదు. గాయపడిన కోడిని వెంటనే వేరుచేసి, గాయాన్ని శుభ్రం చేసి, పసుపు, వేపనూనె కలిపి రాయాలి. రక్తం కనిపిస్తే మిగతా కోళ్లు అక్కడే పొడుస్తాయి.

అమ్మకం

మేడారం జాతర జరిగే ఏడాదిలో మాఘానికి ముందు, దసరాకు ముందు కోళ్లకు మంచి ధర పలుకుతుంది, కాబట్టి మాంసానికి ఉంచిన మగపిల్లలను ఆ లెక్కన పెంచుకోవచ్చు. పందేలకు అమ్మమని అడిగేవారు కూడా వస్తారు, ఎక్కువ డబ్బు చూపిస్తారు. వినోదం కోసం జంతువులను పోట్లాడించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం, నేనైతే అటువంటి వారికి పుంజును ఇవ్వను, పిల్లలు తీసే వారికే ఇస్తాను. కొన్నవారికి దొడ్డి ఉన్నదా, పాత పుంజు ఉంటే వాటి మధ్య అడ్డు ఉన్నదా అని అడిగి తెలుసుకుని ఇవ్వాలి. పంపేటప్పుడు ఒక్కో పుంజును ఒక్కో గంపలో పెట్టి, గంప చుట్టూ గాలి ఆడేటట్లు గోనెసంచి కప్పి, చీకటి పడ్డాక బండి ఎక్కించాలి, కొత్త దొడ్డికి చేరాక తెల్లవారేదాకా ఆ గోనెను తీయకూడదు.